ఇంటి నిండా మనుషులే, పిల్లగాని మీద కన్నెవరిది?

ప్రశ్న: అమ్మా, మాది హనుమకొండ. బాబుకు తొమ్మిది నెలలు. కాన్పు నుంచి తల్లిగారింట్లనే ఉన్న. రెండు రూముల ఇల్లు, అన్నీ కండ్ల ముందే ఉంటయి. దసరాకు నర్సంపేట దగ్గర అత్తగారి ఊరికి పోతున్నం, ఇగ అక్కడే ఉండాలె. పాత ఇల్లు, పెద్ద వాకిలి, వాకిట్ల సంపు, పక్కన కొట్టం, డాబా మీదికి రెయిలింగ్ లేని మెట్లు. ఆరెకరాల పత్తి చేను. బాబు ఇప్పుడిప్పుడే దోగాడుతున్నడు, ఏది దొరికితే అది నోట్లె పెడుతున్నడు. మా ఆయన ఆన్‌లైన్‌ల పిల్లల సేఫ్టీ కిట్ తెప్పించిండు. అత్తమ్మకు వీడియో కాల్‌ల చూపిస్తే నవ్వింది. "నలుగుర్ని సాదిన, ఇసొంటియి ఏమన్న పెట్టిన్నా?" అన్నది. మా వదినె వాకర్ కొని పెట్టింది. నేనేమన్న అంటే పట్నం కోడలు నఖరాలు అంటరేమోనని భయం. ఎక్కడ మొదలుపెట్టాలె? అత్తమ్మకు ఎట్ల చెప్పాలె?
- ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: బిడ్డా, కిట్ గురించి అడిగావు, వాకర్ గురించి అడిగావు. నా కన్ను మాత్రం "వాకిట్ల సంపు" అన్న దగ్గరే ఆగిపోయింది. దాని మూత ఎట్లాంటిదో నువ్వు రాయలేదు. మొదట అక్కడికే పోదాం.

ఇరవై తొమ్మిదేండ్లు పిల్లల వార్డులో నర్సుగా చేశాను. నీళ్లలో పడ్డ పిల్లలను ఎత్తుకొచ్చినవాళ్ల నోట ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: "ఇంట్ల అందరం ఉన్నం సిస్టర్." మొదట్లో వింతగా ఉండేది. అందరూ ఉండి ఎట్లా జరిగిందా అని. కొన్నేండ్లకు గానీ తెలియలేదు, అందరూ ఉండబట్టే జరిగిందని. కోడలి దగ్గర ఉన్నాడని అత్త, తాత దగ్గర ఉన్నాడని కోడలు, పెద్ద పిల్లలు ఆడిస్తున్నారని తాత. ఒక్కతే ఉన్న తల్లి పొయ్యి మీద పాలు పెట్టి కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తుంది. నువ్వు రెండు రూముల ఇంట్లోంచి నిండు ఇంట్లోకి పోతున్నావు. పైగా పండుగకు. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అది.

సరే, సంపు. చిన్నపిల్లల ఒంట్లో తలే బరువు. అంచు పట్టుకుని లోపలికి తొంగి చూస్తే తల ముందుకు వాలుతుంది, కాళ్లు పైకి లేస్తాయి, తిరిగి లేవడానికి చేతుల్లో బలం చాలదు. ముక్కూ నోరూ మునిగేటన్ని నీళ్లుంటే చాలు, అవి రెండు మూడు అంగుళాలైనా సరే. కొట్టుకోవడం, అరవడం ఏమీ ఉండదు. చప్పుడే రాదు. పక్క అర్రలో ఉన్నవాళ్లకు కూడా తెలియకుండా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

మన ఊళ్లలో సంపు మీద చాలాచోట్ల షాబాద్ బండ ఉంటుంది, లేకపోతే తుప్పు పట్టిన రేకు. రేకు సంగతి చెప్పనక్కర్లేదు, మీ బాబు రెండేండ్లవాడై దాని మీద రెండు గంతులేస్తే వంగిపోతుంది. బండ బరువుంది కదా అని అందరికీ ధీమా. కానీ నల్లా వచ్చే వేళకు ఆ బండను సగం జరిపి పైపు లోపలికి వేస్తారు. నల్లా ఆగిపోయినా పైపు అట్లనే ఉంటుంది, బండ కూడా అట్లనే ఉంటుంది. ఎవరో ఒకరు మూస్తారులే అనుకుంటారు. అందుకని ఊళ్లోనో నర్సంపేటలోనో వెల్డింగ్ షాపుకు కొలతలిచ్చి, కబ్జాలతో (మడత బందులతో) బిగించి తాళం పడేటట్టు ఇనుప మూత చేయించండి. అందులోనే పైపు పట్టేంత రంధ్రం పెట్టించండి. అప్పుడు నల్లా వచ్చినా మూత తీసే పనే పడదు. మీ ఆయన కిట్‌కు పెట్టిన పైసలు దీనికి పెడితే సగం పని అయిపోయేది.

సంపు ఒక్కటే కాదు. పశువుల కుడితి గోలెం, బాత్‌రూంలో నింపి పెట్టిన బకెట్, ఇంటి పని నడుస్తుంటే నీళ్లు పట్టి పెట్టిన డ్రమ్ము, ఇవన్నీ ఒకే జాతి. బకెట్లు వాడనప్పుడు బోర్లించాలి. బాత్‌రూం తలుపుకు బయట, పెద్దవాళ్ల భుజం ఎత్తులో గొళ్లెం పెట్టించాలి. లోపలి గడియ కూడా పిల్లగానికి అందని ఎత్తుకు మార్చండి, వాడు లోపల పడి గడియ వేసుకునే రోజు ఎంతో దూరం లేదు. గోలేనికి కర్ర చట్రం మీద జాలీ కొట్టిస్తే బర్రె తాగేటప్పుడు తీయొచ్చు. పొలం కాడికి ఎత్తుకుపోతే మాత్రం చంక దింపకండి. ఒడ్డు లేని బావుల ముందు ఏ మూతా పనిచేయదు.

ఎవరైనా పిల్లలు నీళ్లలో పడితే తీసిన వెంటనే తలకిందులుగా పట్టుకుని తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం వద్దు. మన దగ్గర ఇంకా చేస్తున్నారు, దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊపిరి ఊదాలి. పసిబిడ్డయితే నీ నోటితో వాడి నోరూ ముక్కూ రెండూ కలిపి మూయాలి. తర్వాత రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల లెక్కన, రొమ్ము మందంలో మూడో వంతు దిగేటట్టు నొక్కాలి. మధ్యమధ్య మళ్లీ ఊదాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. చదివితే వచ్చే విద్య కాదిది. హనుమకొండలో ఉండగానే తెలిసిన నర్సునో డాక్టర్నో అడిగి, బొమ్మ మీద ఒకసారి చేసి నేర్చుకో. మీ ఆయన్నీ తీసుకుపో.

ఇక ఆరెకరాల పత్తి అన్నావు. అంటే ఇంట్లో పురుగుల మందు ఉంటుంది. దసరా నాటికి చేను కాయ మీద ఉంటుంది, మందు కొట్టడం ఇంకా అయిపోదు. ఆ డబ్బాలు ఎక్కడ పెడతారో అడుగు. కొట్టంలో దూలం మీద పెట్టేవాళ్లున్నారు, ఎరువు బస్తాల వెనక దాచేవాళ్లున్నారు, మంచం కిందికి తోసేవాళ్లూ ఉన్నారు. మందు దాని సొంత డబ్బాలో ఉన్నంతసేపు కొంత నయం. పక్క చేనాయన "జర గడ్డి మందు ఉంటే పొయ్యి బావా" అంటూ కూల్‌డ్రింక్ సీసా పట్టుకొచ్చినప్పుడు మొదలవుతుంది అసలు ప్రమాదం. ఆ సీసా తర్వాత ఏ అరుగు మీద ఉంటుందో, ఏ కిటికీలో ఉంటుందో! చీకట్లో పెద్దవాళ్లే పొరపాటున నోట పోసుకున్నవి చూశాను. పిల్లగానికి సీసా మీది బొమ్మే గుర్తు. గడ్డి మందుల్లో పారాక్వాట్‌కు విరుగుడు మందే లేదు. ఒక్క గుక్కతో పెద్ద మనిషికే ప్రాణం మీదికి వస్తుంది, పిల్లల సంగతి చెప్పేదేముంది.

కాబట్టి ఆ ఇంట్లో ఒక్క కట్టుబాటు పెట్టించు: మందు దాని డబ్బా దాటి ఇంకో సీసాలోకి పోవద్దు. అడిగినవాళ్లు చేను కాడికి వచ్చి అక్కడే కలుపుకుని పోవాలి. మిగిలింది తాళమున్న పాత ఇనుప సందుగలో పడాలి, సందుగ కొట్టంలో ఉండాలి, ఇంట్లో కాదు. ఖాళీ డబ్బాకు బొక్క కొట్టాలి, దాన్ని కడిగి పప్పులు పోసుకోవద్దు. మందు కొట్టి వచ్చిన మనిషి సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే బాబును ఎత్తుకోవాలి. ఈ చివరిది కష్టం. పొద్దంతా పిల్లగాడు గుర్తొచ్చి, గేటు కాడికే చేతులు చాచుకుని వచ్చే తండ్రిని ఆపడం ఎవరి తరం? అయినా ఆపు.

ఏదైనా మింగాడని అనుమానమొస్తే కక్కించొద్దు. ఉప్పునీళ్లు వద్దు, గొంతులో వేలు వద్దు, చింతపండు రసం అసలే వద్దు. గ్యాస్‌నూనె (కిరోసిన్), టర్పెంటైన్ లాంటివి కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా చెడగొడతాయి. యాసిడ్ అయితే పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కాలుస్తుంది. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బు నీళ్లతో కడగాలి. డబ్బా చేతిలో పట్టుకుని బయల్దేరాలి. దాని మీది పేరు చూస్తేనే డాక్టరుకు ఏం చేయాలో తెలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117కు ఎప్పుడు చేసినా పైసలు పడవు. గోడ మీద పాల లెక్క రాసుకునే చోట ఈ నంబరు, 108 రెండూ రాసి పెట్టు.

విషమంటే పత్తి మందే అనుకోకు. నీ సంచిలోనే ఒకటి ఉంది. కాన్పయినంక ఇచ్చే ఎర్ర ఐరన్ గోలీలు. చక్కెర పూత ఉంటుంది, చూడ్డానికి అచ్చం పిప్పరమెంటే. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్. నీకు అది బలం. పది కిలోల పిల్లగాడు నాలుగు మింగితే విషపు లక్షణాలు మొదలవ్వచ్చు, పది మింగితే ప్రాణాపాయం. దిండు కింద పెట్టుకుంటారు చాలామంది, మర్చిపోకుండా ఉంటుందని. ఆ అలవాటుంటే ఇవాళే మానెయ్. దేవుని అర్రలో కర్పూరం కూడా అంతే. తెల్లగా, వాసనగా ఉంటుంది, కింది అల్మారిలోనే ఉంటుంది. కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. జలుబు చేసిందని ముక్కు దగ్గర, రొమ్ము మీద రుద్దడం కూడా రెండేండ్ల లోపు పిల్లలకు వద్దు. మీ అత్తమ్మ ముక్కులో నూనె చుక్కలు వేస్తానంటే, ఆముదం తాగిస్తానంటే, అక్కడ మాత్రం మెత్తబడకు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిన పిల్లలు మా వార్డులో ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు.

కాలడం గురించి చెప్పాలంటే నా ముచ్చటే చెప్పుకోవాలి. నా బిడ్డకు అప్పుడు పదకొండు నెలలు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చాయ్ తాగుతున్నాను. గేటు కాడ ఎవరో పిలిచారు, అటు తల తిప్పాను. కప్పు పట్టి గుంజింది. మెడ నుంచి రొమ్ము దాకా. పొగలు పోయిన చాయే, నేను అప్పటికే సగం తాగాను. పోసి పదిహేను నిమిషాలైన చాయ్ కూడా పసి చర్మాన్ని కాలుస్తుందని నేనే తల్లులకు చెప్పేదాన్ని! మా అత్తమ్మ పేస్టు తెచ్చేలోపు నల్లా కింద పట్టాను, అంతవరకే నా చదువు పనికొచ్చింది. మచ్చ ఇప్పటికీ ఉంది. తెలియక జరిగింది కాదు, అలిసిపోయి జరిగింది. అప్పటి నుంచి ఏ తల్లినీ "చూసుకోవద్దా?" అని అడగలేదు నేను.

ఒళ్లో పిల్ల ఉంటే చేతిలో చాయ్ ఉండొద్దు, ఇది ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది, వచ్చిన చుట్టాలకు కూడా. పప్పుచారు గంజు నేల మీద దింపొద్దు. పండుగ వంటలు వాకిట్లో కట్టెల పొయ్యి మీద చేస్తారు కదా, ఆ పూట బాబు డాబా ఇంటి లోపలే ఉండాలి. చలికాలం వస్తే బకెట్‌లో హీటర్ రాడ్ వేస్తారు. అది వేడినీళ్లు, కరెంటు, బకెట్ మూడూ ఒకచోట చేరిన వస్తువు. వాడక తప్పకపోతే గడియ పెట్టిన బాత్‌రూంలోనే పెట్టి, స్విచ్ తీసి ప్లగ్గు పీకిన తర్వాతే తలుపు తీయాలి. స్నానానికి ముందు చల్లనీళ్లు పోసి ఆ తర్వాత వేడినీళ్లు కలపాలి, మోచేయి పెట్టి చూడాలి. కాలితే ఇరవై నిమిషాలు నల్లా నీళ్ల కింద పట్టాలి, గడియారం చూసి. మిగతా ఒళ్లు చల్లబడకుండా బట్ట కప్పాలి. వాపు రాకముందే చేతి కడియాలు, మొలతాడు తీసేయాలి. ఐసు, పేస్టు, సిరా, కోడిగుడ్డు సొన, పసుపు ఏవీ పూయొద్దు. బొబ్బలు చితపొద్దు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి.

కరెంటుకు వస్తే, ఇనుప బాడీ కూలర్ ఉందా ఆ ఇంట్లో? మన ఎండలకు లేకుండా ఉండదు. దసరాకు మూలన పడి ఉంటుంది గానీ ఎండాకాలం బయటికి వస్తుంది. తడి చేత్తో, ఉత్త కాళ్లతో ముట్టుకుంటే కొడుతుంది. ఎలక్ట్రీషియన్ను పిలిచి ఎర్తింగ్ చూపించు, మీటర్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టమను. పేరు అట్లనే చెప్పు, మామూలు ఎంసీబీ పెట్టి సరిపోతుందంటే ఊరుకోకు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనుషులను కాపాడుతుంది. ఫోన్ తీసేసి చార్జర్ వైరు వేలాడదీయడం ఇంట్లో అందరూ చేసేదే. వాడు పట్టుకుని నోట్లో పెట్టేది ఆ కొసనే.

మెట్ల సంగతి నీ ఉత్తరంలో నువ్వే రాశావు. రెయిలింగ్ పెట్టించేదాకా కింద, పైన రెండు చోట్లా చిన్న గేట్లు పెట్టించండి. ఆన్‌లైన్‌లో దొరికేవి పాత ఇంటి గోడల మధ్య సరిగ్గా కుదరవు. మీ ఊళ్లో కోతులకు భయపడి అందరూ కిటికీలకు, వరండాలకు జాలీలు కొట్టిస్తున్నారు కదా, అదే వెల్డింగ్ ఆయన చేసిస్తాడు. నిలువు కమ్ములే ఉండాలి, అడ్డం కమ్ములుంటే నిచ్చెన చేసుకుని ఎక్కుతాడు. కమ్మికి కమ్మికి నడుమ మూడున్నర అంగుళాలు మించొద్దు, మించితే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. పిట్టగోడ చుట్టూ ఒకసారి నడిచి చూడు, దాని పక్కన మక్కల బస్తానో, పాత కుర్చీనో ఉంటే జరిపించు. చీరతో కట్టిన తొట్టెల ఇంకా వాడుతుంటే ఇక చాలు. కూర్చోవడం, నిలబడబోవడం వచ్చిన పిల్లగానికి అది పడే చోటు, మెడకు చుట్టుకునే చోటు. మెడలో దిష్టి తాడు ఉంటే కాలికి మార్చు, దిష్టి ఎక్కడినుంచైనా పోతుంది.

వాకర్ వద్దు. మీ వదినె ప్రేమతో కొన్నది, నాకు తెలుసు. కానీ దాంతో నడక తొందరగా రాదు. చక్రాల మీద పిల్లగాడు రెండు అంగలు వేసే లోపల మెట్ల కొసకో పొయ్యి దగ్గరికో చేరతాడు, పైగా నిలబడి ఉంటాడు కాబట్టి బల్ల మీది వేడి గిన్నె అందుతుంది. కెనడాలో 2004 నుంచి అమ్మకమే నిషేధం. "డాక్టరు వద్దన్నారు వదినా" అను, నా పేరు కూడా వాడుకో. లేకపోతే చక్రాలు తీసేసి కూర్చుని ఆడుకునే బల్లగా వాడు, ఆమె వచ్చినప్పుడు కనపడుతుంది కూడా.

నోట్లో పెట్టుకునేవాటి గురించి ఒక్క కొలత గుర్తుపెట్టుకో. అంగుళం పావు రంధ్రంలోంచి దూరేది ఏదైనా వాడి గొంతుకు అడ్డం పడగలదు. ఆ కొలతతో చూస్తే మన ఇండ్లలో నేల మీద దొరికేవి ఎన్నో: పల్లీలు, మక్క గింజలు, చింతగింజలు, దసరా రోజుల్లో సీతాఫలం గింజలు. నీ గాజులకు తగిలించుకున్న పిన్నీసు కూడా. పల్లీలు, మక్కలు, గట్టి శనగలు నాలుగైదేండ్లు వచ్చేదాకా విడిగా పెట్టొద్దు, తాత ముద్దుగా పెట్టినా సరే. ఇవన్నీ ఒక ఎత్తు, రిమోట్లో, ఆట బొమ్మల్లో, బ్యాటరీ దీపాల్లో ఉండే గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఇంకో ఎత్తు. అది గొంతులో ఆగితే రెండు గంటల్లో తిండిగొట్టాన్ని కాల్చేస్తుంది. విరేచనంలో పోతుందిలే అని చూస్తూ కూర్చోవద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆసుపత్రికి. ఏడాది దాటిన పిల్లలకైతే దారిలో తేనె ఇవ్వమంటారు, మీ బాబుకు ఏడాది నిండలేదు కాబట్టి తేనె వద్దు. ఏదైనా గొంతుకు అడ్డం పడి ఏడుపు, దగ్గు రాకపోతే బోర్లా ముంజేతి మీద పడుకోబెట్టి, తల కిందికి వంచి, రెండు రెక్కల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు. పోకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. మళ్లీ మొదటినుంచి. కనపడని దాని కోసం వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

కిట్ మరిచిపోయానా? అందులో అరలకు వేసే లాక్‌లు మంచివి, మందుల అరకు వాడు. మూలలకు అతికించే స్పాంజీ ముక్కలను వాడే పీకి నములుతాడు. ప్లగ్గు రంధ్రాలకు పెట్టే మూతలు కూడా అంతే, ఊడొస్తే అవే గొంతుకు అడ్డం. దానికన్నా ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీంచి లేపి గోడకు కొట్టించు.

ఇప్పుడు అత్తమ్మ. "నలుగుర్ని సాదిన" అన్నదని నొచ్చుకోకు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె రోజుల్లో పిల్లగాడు చంక దిగితే ఒళ్లోకి, ఒళ్లోంచి దిగితే ఇంకో చంకకు. చేతిలో ఫోన్ లేదు. వాకిట్లో సంపు లేదు, చేదబావి ఉండేది, దాని చుట్టూ గోడ ఉండేది. పత్తి మందు డబ్బాలు ఇన్ని లేవు. ఇల్లు మారింది, ఆమె ఒడుపు పాత ఇంటికి కుదిరిన ఒడుపు. ఆ మాట నువ్వు చెప్తే పట్నం కోడలి నఖరా అవుతుంది. కాబట్టి చెప్పకు, అడుగు. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ కూర్చున్నప్పుడు "అత్తమ్మా, మన వాడకట్టుల ఏ పిల్లలకన్న ఇసొంటియి అయినయా?" అని అడిగి ఊరుకో. అరగంటలో ఆమే చెప్తుంది. ఫలానావాళ్ల పిల్ల గోలెంలో పడ్డది, ఫలానాయన కొడుకు గ్యాస్‌నూనె తాగిండు, తన చిన్నోడు కూడా ఒకసారి... అక్కడ ఆగుతుంది. నలుగురు పిల్లలు పెరిగిన ప్రతి ఇంట్లో అట్లాంటి ఒకసారి ఉంటుంది. ఆ తర్వాత సంపు మూత ముచ్చట ఆమె నోటనే వస్తుంది.

ఇంకో పద్ధతి నేను మా ఇంట్లో పెట్టాను, మా మనుమరాలి కోసం. పిల్లను చూసే బాధ్యత నోటితో అప్పజెప్పాలి. "పిల్ల నీ దగ్గర" అని ఒకరు అనాలి, "నా దగ్గర" అని ఇంకొకరు అనాలి. తల ఊపితే కుదరదు. వార్డులో డ్యూటీ మారేటప్పుడు మేం చేసేది ఇదే. మొదట్లో అందరూ నవ్వారు, మా అల్లుడైతే సెల్యూట్ కొట్టేవాడు. వారం రోజులకు అలవాటైపోయింది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా చెరువు కాడికి పోతారు, మగవాళ్లు అరుగు మీద కూర్చుంటారు, ఇల్లంతా తెరిచి ఉంటుంది. ఆ సాయంత్రం బాబు ఎవరి దగ్గరో పేరు పెట్టి చెప్పి, వాళ్ల నోట "నా దగ్గర" అని విన్నాకే బతుకమ్మ ఎత్తుకో. అప్పగించినవాళ్ల చేతిలో ఫోన్ ఉంటే అప్పగించనట్టే లెక్క.

మీ ఆయన ఈ ఆదివారమే ఊరికి పోయి సంపు కొలతలు తీసుకుని వెల్డింగ్ ఆయనకు ఇచ్చి రావాలి. పండుగ ముందు వాళ్లకు పని ఎక్కువ, ఆలస్యమైతే దీపావళి దాకా లాగుతారు. మూత వచ్చి తాళం పడ్డాక ఆ తాళంచెవి దర్వాజ పక్కన మేకుకు వేలాడదీయొద్దు. అత్తమ్మ కొంగుకు కట్టించు. నీళ్లు కావాలన్నా, సంపు కడగాలన్నా ఇంట్లో అందరూ ఆమెనే అడగాలి.